ల్యాబ్ దొరకడం లేదు, గడువు ఆగడం లేదు

ఈ వారం పాఠకురాలి ఉత్తరం ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం నుంచి వచ్చింది. రాసినావిడ తన పేరూ, కంపెనీ పేరూ బయటపెట్టవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమె పుట్టిల్లు విజయనగరం. ఎలక్ట్రానిక్స్‌లో బి.టెక్. చదివి, పెళ్ళయ్యాక జయపురం వెళ్ళారు. అత్తవారు తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడిన తెలుగువారు. భర్త, బావగారు కలిసి మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు రీవైండింగ్ చేసే షాపు నడుపుతున్నారు. ఈమె వచ్చాక అదే షాపు వెనక గదిలో సర్క్యూట్ బోర్డుల పని మొదలైంది. హైదరాబాదు కంపెనీ ఒకటి సైనిక వాహనాల్లో అమర్చడానికి 28 వోల్టుల డీసీ మీద నడిచే పవర్ కంట్రోల్ బాక్సులు కావాలంటే, ఈమె డిజైన్ చేసి నమూనా పంపారు. వాళ్ళకు నచ్చింది. ఆర్డరు వచ్చింది. బావగారు షాపు కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చారు. అత్తగారి గాజులు కూడా కుదువకు వెళ్ళాయి.

బాక్సులు తయారయ్యాయి. అప్పుడు ఆర్డరు చివరి పేజీలోని పరీక్షల పట్టిక మీద దృష్టి పడింది. మిల్-స్టాండర్డ్-461 అనే సైనిక ప్రమాణం ప్రకారం ఆర్‌ఎస్ 103 అనే రేడియో తరంగాల పరీక్ష, మీటరుకు 200 వోల్టుల బలమున్న విద్యుత్ క్షేత్రం, 2 మెగాహెర్ట్జ్ నుంచి 18 గిగాహెర్ట్జ్ వరకూ. ఫోన్లు చేశారు. ఒక ల్యాబ్ 50 వోల్టులు దాటలేమంది. ఇంకొకటి 200 ఇస్తాం కానీ 80 మెగాహెర్ట్జ్ నుంచి ఒక గిగాహెర్ట్జ్ వరకే అంది. మూడోది అంతా చేస్తామని, గడువు దాటిన తేదీ ఇచ్చింది. నాలుగోది గంటకు చెప్పిన రుసుము లెక్కవేస్తే ఆర్డరులో మిగిలే లాభమే కనపడలేదు. ఆలస్యమైతే వారానికి అర శాతం చొప్పున పది శాతం దాకా కోత అని ఆర్డరులోనే ఉంది.

ఇంతలో బావగారికి ఎవరో పరిచయమయ్యారు. బాక్సు జయపురం దాటకుండానే ముద్ర వేసిన రిపోర్టు తెప్పిస్తానన్నారట. 'అన్నయ్య మాట ఎలా కాదంటాను' అని భర్త తలొంచుకున్నారు. 'అందరూ చేసేదే, నువ్వొక్కదానివే చదువుకున్నావా' అన్నారు బావగారు. ఉత్తరం మధ్యలో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఒక వాక్యం ఉంది: 'పక్క గోదాము కాపలాదారు వాకీటాకీలో మాట్లాడినప్పుడు మా బాక్సు డిస్‌ప్లే మీద వోల్టేజి అంకె కాసేపు ఎగురుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది.'

చివరికి ఆవిడ అడిగినది ఇంతే: '200 వోల్టుల పరీక్ష పూర్తిగా చేసే ల్యాబ్ ఎక్కడుందో చెప్పండి చాలు. ఇంటి సంగతి నేను చూసుకుంటాను.'

అమ్మా, ల్యాబ్ చిరునామా ఒక్కటే చెబితే మీకు మేలు చేసినట్టు కాదు. ఇవాళే ల్యాబ్ దొరికినా మీ బాక్సు ఆ పరీక్షలో నిలబడదు. ఆ మాట మీ ఉత్తరమే చెబుతోంది. కాపలాదారు వాకీటాకీ దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ 200 సంగతి తేల్చాలి.

ఆర్‌ఎస్ 103 అంటే బయటి నుంచి వచ్చే రేడియో తరంగాలను పరికరం తట్టుకుంటుందా లేదా అని చూసే పరీక్ష. ఈ ప్రమాణం అమెరికా రక్షణ శాఖది. మన సైన్యాల ఆర్డర్లలో కూడా దాన్నే వాడతారు. ఇందులో పరికరం ఎక్కడ ఉంటుందన్న దాన్నిబట్టి స్థాయి మారుతుంది. విమానం బయట ఉండేవాటికి, విమాన భద్రత ఆధారపడే పరికరాలకు, ఓడ డెక్కు మీద ఉండేవాటికి 200. సైన్యం నేల మీద వాడే పరికరాలకు 50. మీ బాక్సు నేల మీద తిరిగే వాహనం లోపల ఉంటుందని రాశారు. అలాంటప్పుడు 200 ఎందుకు వచ్చింది?

రెండు కారణాలు ఉండవచ్చు. వేరే ప్రాజెక్టు పట్టికను ఎవరో యథాతథంగా దించేసి ఉండవచ్చు. కొనుగోలు విభాగాల్లో ఇది రోజూ జరిగేదే. లేదా ఆ వాహనం మీదనే శక్తిమంతమైన ట్రాన్స్‌మిటరో, పక్కనే రాడారో ఉండబోతోందని తెలిసి, కావాలనే స్థాయి పెంచి ఉండవచ్చు. మొదటిదైతే మీ కష్టంలో సగం ఒక ఉత్తరంతో తీరిపోతుంది. రెండోదైతే 200ను తగ్గించమని అడగడం కూడా తప్పే, ఎందుకంటే ఆ బాక్సు నిజంగానే ఆ క్షేత్రంలో బతకాలి. ఏదన్నది వాళ్ళే చెప్పాలి, రాతపూర్వకంగా చెప్పాలి. అదే ఉత్తరంలో ప్రమాణం ఏ కూర్పు అన్నది కూడా అడగండి. 1999 నాటి 'ఇ', 2007 నాటి 'ఎఫ్', 2015 నాటి 'జి' కూర్పులు మూడూ మన ఆర్డర్లలో ఇప్పటికీ కనపడుతుంటాయి. ల్యాబ్ ఒక కూర్పు ప్రకారం చేసి, తనిఖీ అధికారి ఇంకో కూర్పు అడిగితే పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇలా అడిగితే తెలివితక్కువగా కనపడతామేమో అని మీకు సంకోచం ఉన్నట్టుంది, లేకపోతే ఇన్ని ల్యాబులకు ఫోన్ చేసి ఆర్డరు ఇచ్చినవాళ్ళకు ఒక్క ఫోన్ చేయకుండా ఉండరు. పరికరం ఉండే చోటునుబట్టి పరీక్షలు కుదించుకోవడం ఆ ప్రమాణంలోనే ఉన్న పద్ధతి. అడిగినవాళ్ళను చూసి ఇంజనీర్లు నవ్వరు. అడగకుండా బాక్సు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చినవాళ్ళను చూసి నవ్వుతారు.

ల్యాబులు 50 దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయో కూడా మీకు తెలియాలి, అప్పుడే ఫోన్‌లో సరైన ప్రశ్న అడగగలరు. క్షేత్రం నాలుగింతలు కావాలంటే యాంప్లిఫయరు శక్తి పదహారింతలు కావాలి. అన్ని దిక్కులకూ సమానంగా ప్రసారం చేసే యాంటెన్నా అనుకుని లెక్క వేస్తే, మీటరు దూరంలో 50 వోల్టులు రావడానికి 80 వాట్ల పైచిలుకు చాలు. 200 రావాలంటే 1,300 వాట్లు దాటాలి. పైగా కింది పౌనఃపున్యాల్లో (ఫ్రీక్వెన్సీల్లో) యాంటెన్నా సరిగ్గా పనిచేయదు. 2 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 150 మీటర్లు, గదిలో పట్టే యాంటెన్నా దాని ముందు ఏ మూలకు? అందుకే అక్కడ ఇంకా ఎక్కువ శక్తి పోయాలి. గిగాహెర్ట్జ్‌లు దాటాక హార్న్ యాంటెన్నాలు సాయపడతాయి కానీ, ఒక్కో పౌనఃపున్య పట్టీకి ఒక్కో యాంప్లిఫయరు కావాలి, అవన్నీ ఖరీదైనవే. మీకు రెండో ల్యాబ్ చెప్పిన జవాబు అబద్ధం కాదు. వాళ్ళ దగ్గర ఆ మధ్య పట్టీకి మాత్రమే పెద్ద యాంప్లిఫయరు ఉంది.

కాబట్టి '200 చేస్తారా' అని అడగకండి. ఏ పౌనఃపున్యం నుంచి ఏ పౌనఃపున్యం వరకు, మీటరు దూరంలో, ఒక కిలోహెర్ట్జ్ పల్స్ మాడ్యులేషన్‌తో, 30 మెగాహెర్ట్జ్ పైన నిలువు అడ్డం రెండు ధ్రువణాల్లోనూ 200 ఇవ్వగలరా అని అడగండి. ఆ పరీక్ష వాళ్ళ ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు పరిధి జాబితాలో ఉందో లేదో చూడండి. గుర్తింపు ఉందన్నంత మాత్రాన అన్ని పరీక్షలకూ ఉన్నట్టు కాదు, జాబితాలో ప్రతి పరీక్షకూ విడిగా పరిధి రాసి ఉంటుంది. 200 మెగాహెర్ట్జ్ పైన తరంగాలను గదంతా కలియతిప్పే రివర్బరేషన్ ఛాంబర్‌లో పరీక్షించడానికి కూడా ప్రమాణం ఒప్పుకుంటుంది. అక్కడ తక్కువ శక్తితో ఎక్కువ క్షేత్రం వస్తుంది. ఆ ఛాంబర్ ఉన్న ల్యాబులు వేరు, వాటిని అడిగారో లేదో మీరు రాయలేదు.

మీకు దగ్గరలో ఉన్నది విశాఖపట్నం. ఊరి బయట గంభీరంలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సమీర్ కేంద్రం ఉంది. విద్యుదయస్కాంత వాతావరణ ప్రభావాల కోసమే పెట్టిన కేంద్రం అది. మీ ఉత్తరంలో దాని పేరు లేకపోవడం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. జయపురం నుంచి కోరాపుట్, సుంకి, సాలూరు మీదుగా దిగితే అదే మొదటి మజిలీ. అదే సంస్థకు చెన్నైలో కూడా ఈ రంగంలో పాత కేంద్రం ఉంది. హైదరాబాదులో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ కింద నడిచే ఎస్‌టీక్యూసీ పరీక్షా కేంద్రం ఉంది. బెంగళూరు, హైదరాబాదు, పుణెల్లో ప్రైవేటు ల్యాబులున్నాయి. రక్షణ శాఖ కూడా తన సొంత పరీక్షా కేంద్రాలను రుసుము మీద ప్రైవేటు తయారీదారులకు తెరిచింది. కానీ అక్కడ వాళ్ళ సొంత ప్రాజెక్టులదే ముందు వరుస, తేదీ మీ చేతిలో ఉండదు. 2020లో 400 కోట్లతో ప్రకటించిన రక్షణ పరీక్షా సదుపాయాల పథకం గురించి మీకు ఎవరైనా చెబితే వినండి, సంతోషించండి. మీ గడువుకు మాత్రం అది పనికిరాదు.

ఒకే ల్యాబ్‌లో అంతా కావాలన్న పట్టు వదలండి. కింది పట్టీ ఒక చోట, పై పట్టీ ఒక చోట చేయించి రెండు రిపోర్టులు ఇవ్వవచ్చు. అయితే ముందుగా పరీక్షా విధాన పత్రం రాసి, కంపెనీ చేతా, వాళ్ళ తనిఖీ సంస్థ చేతా ఆమోదం వేయించుకోవాలి. పరీక్షలో బాక్సు ఏ స్థితిలో నడవాలి, ఏం జరిగితే ఫెయిల్ అన్నట్టు, తనిఖీ అధికారి పక్కన నిలబడి చూడాలా వద్దా అన్నవన్నీ అందులో ఉండాలి. ఈ కాగితం లేకుండా చేయించిన పరీక్షకు డబ్బు పోతుంది, రిపోర్టు పనికిరాదు.

ఇక ఆ కాపలాదారు. ఐదు వాట్ల వాకీటాకీ మీటరు దూరంలో ఇచ్చే క్షేత్రం సుమారు 15 వోల్టులు. చేయి చాచినంత దూరంలో అయితే 30 దాకా. అతను మీ గోడ అవతల ఉన్నాడు, అంటే ఇంకా తక్కువ. ఆ మాత్రానికే మీ వోల్టేజి అంకె ఎగిరితే, 200 సంగతి అలా ఉంచండి, 50 దగ్గర కూడా బాక్సు నిలబడదు. ఇది చెడ్డవార్తలా ఉంటుంది కానీ, ల్యాబ్‌లో గంటకు వేలు పోసి తెలుసుకోవాల్సిన సంగతి మీకు ఊరికే తెలిసింది.

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. రెండో ఫొటోలో కనెక్టరు వెనక, కేబుల్ షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు కవచాన్ని) ఒక చోట చేర్చి, అంగుళంన్నర పొడవున్న ఆకుపచ్చ తీగతో బాక్సు గోడకు స్క్రూ బిగించారు. ఆ తీగే యాంటెన్నా. షీల్డు మీదికి వచ్చిన కరెంటంతా ఆ తీగలోంచి లోపలికి దిగుతుంది. షీల్డును కనెక్టరు వెనక లోహపు కవచానికి చుట్టూ పూర్తిగా అంటేలా బిగించాలి, సందు ఉండకూడదు. నాలుగో ఫొటోలో మూత అంచు మీద గ్యాస్కెట్ చక్కగా అతికించారు కానీ, దాని కింద ఆలివ్ రంగు పెయింటు అలాగే ఉంది. పెయింటు మీద వేసిన గ్యాస్కెట్ నీటిని ఆపుతుంది, రేడియో తరంగాన్ని ఆపదు. అంచు చుట్టూ పెయింటు గీకించి, తుప్పు పట్టకుండా విద్యుత్ ప్రవహించే పూత వేయించండి. డిస్‌ప్లే కిటికీకి లోహపు జాలీ ఉన్న అద్దం కావాలి. వోల్టేజి కొలిచే తీగలు బోర్డులోకి దిగే చోట ఫిల్టరు పెట్టండి. అంకె ఎగరడానికి అక్కడే అసలు కారణం ఉండి ఉంటుందని నా అనుమానం.

ఇవన్నీ ముందు ఒక్క బాక్సు మీద చేసి చూడండి. మిగతావి విప్పకండి. తర్వాత 50 వోల్టులు మాత్రమే ఇచ్చే ఆ మొదటి ల్యాబ్‌కే, లేదా గంభీరానికి, ఒక పూట అద్దెకు తీసుకుని వెళ్ళండి. పరీక్షగా కాదు, వెతకడానికి. ఎక్కడ ఎగురుతోందో పౌనఃపున్యం రాసుకోండి, ఒక్కో కేబుల్ తీసి చూడండి. కేబుల్ మీద నేరుగా కరెంటు ఎక్కించే సీఎస్ 114 పరీక్ష కూడా అక్కడే చేయించండి. అది 200 మెగాహెర్ట్జ్ వరకే వెళ్తుంది, కానీ కేబుల్ దారిన వచ్చే దోషాలు అక్కడే చాలావరకు బయటపడతాయి. 50లో నెగ్గినంత మాత్రాన 200లో నెగ్గుతుందన్న హామీ లేదు. ఎలక్ట్రానిక్ భాగాలు ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా తడబడతాయి. అయినా 50లో ఓడిపోయే బాక్సును 200 ఛాంబర్‌లోకి తీసుకెళ్ళడం వృథా.

ఇప్పుడు మీ ముందున్న దారులు. గడువు పొడిగింపు అడగడం మొదటిది. కోత పడినా అది ఆర్డరులో రాసిన పది శాతం దగ్గర ఆగుతుంది. మీరు రాసిన లాభం అంకె నిజమైతే, పూర్తి కోత పడినా చేతిలో కొంచెం మిగులుతుంది, పరీక్ష ఖర్చుతో కలిపితే మాత్రం చేతి నుంచి పడుతుంది. ఆ నష్టం ఎంతో ఒక కాగితం మీద వేసి బావగారికి చూపించండి, ఎందుకంటే ఆయన భయం అంకె లేని భయం. పొడిగింపు అడుగుతూనే, పైన చెప్పిన 200 ప్రశ్నా వేయండి. తప్పు వాళ్ళ పట్టికదే అని తేలితే కోత మాట వాళ్ళు ఎత్తడం కష్టం.

రెండోది, పరీక్షను కంపెనీకే అప్పగించడం. ఎలాగూ వాళ్ళు మొత్తం వాహనానికో, వ్యవస్థకో పరీక్షలు చేయించాలి, ల్యాబ్‌లో తేదీలు వాళ్ళకు ముందే ఉంటాయి. మీ బాక్సును వాళ్ళ తేదీలోనే పెట్టమని, ఖర్చు బిల్లులో తగ్గించుకోమని అడగవచ్చు. ఇందులో మీకు కలిగే నష్టం ఉంది. బాక్సు ఓడిపోతే అది కొనేవాళ్ళ కళ్ళ ముందే ఓడిపోతుంది, మీ డిజైన్ లోపల ఏముందో వాళ్ళ ఇంజనీర్లు విప్పి చూస్తారు. తర్వాతి ఆర్డరుకు మీ అవసరం ఉంటుందా అన్నది వాళ్ళ మంచితనం మీద ఆధారపడుతుంది. అందుకే ఈ దారి పట్టేముందు కనెక్టర్ల పని పూర్తిచేయండి, డ్రాయింగుల మీద మీ హక్కు గురించి ఒక వాక్యం రాయించుకోండి.

మూడోది, వెనక్కి తగ్గడం. అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి, పెట్టె, హార్నెస్ (తీగల కట్టల) పనులు మాత్రమే మీరు చేసి, బోర్డులు వాళ్ళనే చేయించుకోమనడం. షాపు కాగితాలు బ్యాంకు నుంచి త్వరగా బయటపడేది ఈ దారిలోనే. మీరు ఇన్నాళ్ళు పడ్డ శ్రమలో పెద్ద భాగం పోతుంది. మీ స్థానంలో ఉంటే నేను దీన్ని చివరికి ఉంచుతాను, కానీ అత్తగారి గాజులు నావి కావు కాబట్టి కొట్టిపారేయను.

బావగారి రిపోర్టు గురించి మెత్తగా చెప్పలేను. అది ఫోర్జరీ, మోసం. రక్షణ కొనుగోళ్ళలో పట్టుబడితే ఆ ఒక్క ఆర్డరుతో పోదు, నిషేధిత జాబితాలో చేరితే మీ యూనిట్‌కు ఆ రంగంలో ఇక పని పుట్టదు. పట్టుబడటం కూడా అంత కష్టం కాదు. రిపోర్టు మీద ఉన్న నంబరుతో ల్యాబ్‌కు ఒక్క ఫోన్ చేస్తే సరిపోతుంది. ఇంకొకటి. పరీక్ష రిపోర్టుతో పాటు బాక్సు ఆర్డరు ప్రకారమే ఉందన్న ధ్రువపత్రం మీద సంతకం మీది, బావగారిది కాదు, ఆ పరిచయస్తుడిది అసలే కాదు. అంకె ఎగురుతున్నట్టు మీకు ముందే తెలుసునన్న సంగతికి మీ ఉత్తరమే సాక్ష్యం.

ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలన్నది నన్ను అడగలేదు, అయినా చెబుతున్నాను. 'తప్పు కదా బావగారూ' అని మొదలుపెట్టకండి. అప్పు తెచ్చింది ఆయన, ఊళ్ళో పరువు ఆయనది, మీ డిజైన్ మీద నమ్మకంతో షాపు పణంగా పెట్టింది ఆయన. అదంతా ముందు ఒప్పుకోండి. తర్వాత వాకీటాకీ తెప్పించండి. కాపలాదారును టీకి పిలిచి, బావగారి ఎదురుగా బాక్సు ఆన్ చేసి, బటన్ నొక్కమనండి. మోటారు వైండింగ్ కాలిపోతే వాసన పట్టి చెప్పగల మనిషికి ఎగిరే అంకె చూపిస్తే విషయం అర్థం కావడానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఆ పక్కనే మీవారిని కూడా నిలబెట్టండి. ఆయన మౌనం అన్నగారి మీద గౌరవం వల్ల అనుకుంటున్నాను, బాక్సు మీద అభిప్రాయం లేక కాదు.

సోమవారం ఉదయం కంపెనీకి మెయిల్ పంపండి, అందులో మూడు ప్రశ్నలే ఉంచండి: స్థాయి 200 ఎందుకు, కూర్పు ఏది, రెండు ల్యాబుల రిపోర్టులు ఒప్పుకుంటారా. అదే రోజు గంభీరానికీ, తేదీ ఇచ్చిన ఆ మూడో ల్యాబ్‌కూ రాసి, ఆ తేదీని పోనివ్వకుండా పట్టుకోండి. రద్దు చేసుకోవడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలో కనుక్కోండి. ల్యాబ్‌కు వెళ్ళేటప్పుడు రెండు బాక్సులు తీసుకెళ్ళండి, ఒకటి మార్పులు చేసింది, ఒకటి చేయనిది. విడి కనెక్టర్లు, రాగి టేపు, టంకం సామాను, వాహనంలో వాడే పొడవైన అసలు కేబుళ్ళు మరిచిపోవద్దు, షాపులో వాడే పొట్టి కేబుళ్ళతో చేసిన పరీక్ష చెల్లదు. సుంకి ఘాట్‌లో బాక్సులను డిక్కీలో వదిలేయకండి, ఒళ్ళో పెట్టుకోండి.